ముక్కలు కోసి పెట్టుకున్న మరమనిషి

"నా చేయి కుదురైందిట," అన్నాడు సర్వేయరు, ఆదివారం సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

ఎవరన్నారో ఆయన చెప్పలేదు. పెద్దమ్మాయి అడగనూ లేదు. కానీ చేతిలోని గరిటె సింకులో పడిన చప్పుడు మాత్రం అవసరానికి మించి వినిపించింది.

పెద్దమ్మాయి అంటే అమ్మాయేం కాదు. యాభై దగ్గరపడిన మనిషి. పుట్టింట్లో అందరికంటే ముందు పుట్టిన పాపానికి ఆ పేరు తగులుకుంది. కన్న కూతురు పెళ్ళయి వెళ్ళిపోయినా ఆ పేరు మాత్రం ఆవిడని వదిలి వెళ్ళలేదు. సర్వేయరు ఆవిడ భర్త. గుద్దుకున్న కార్లను చూసి, ఏ భాగం ఎంత పాడైందో ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పడం ఆయన ఉద్యోగం. వారమంతా నుజ్జయినవాటిని చూసి చూసి, అతికినదాన్ని ఒక్కదాన్నయినా కళ్ళారా చూసుకోవాలనిపించిందేమో, ఏడాది కిందట ప్లాస్టిక్ మరమనుషుల కిట్లు కొనడం మొదలుపెట్టాడు. పెట్టె విప్పితే ప్లాస్టిక్ చట్రాలుంటాయి. చట్రాల నిండా చేతులు, కాళ్ళు, మోకాళ్ళు, వేళ్ళు కాయల్లా వేలాడుతుంటాయి. ఒక్కొక్కటీ కత్తిరించి ఒకదానిలో ఒకటి బిగించుకుంటూ పోతే జానెడు మరమనిషి లేచి నిలబడతాడు. నిలబడతాడంతే. కదలడు, మెదలడు.

మొదటిదాన్ని పూర్తిచేసి ఆయన దాన్ని తిన్నగా వంటింట్లోకే పట్టుకొచ్చాడు.

"పని చెయ్యని మగాడు ఈ ఇంట్లో ఇంకొకడెందుకండీ?" అంది పెద్దమ్మాయి.

ఆయన నవ్వలేదు. బొమ్మను తీసుకుని వెళ్ళిపోయాడు. మంచి జోకు వృథా పోకూడదని ఆవిడే చెల్లెలికి ఫోన్ చేసి చెప్పి, కావలసినంత నవ్వు రాబట్టుకుంది. తర్వాత ఆయన ఎన్ని మరమనుషుల్ని చేశాడో, కూతురి గదిలో అద్దాల బీరువా ఎప్పుడు నిండిందో ఆవిడకు దుమ్ము దులిపేటప్పుడే తెలిసేది. వంటింట్లోకి మాత్రం మళ్ళీ ఏ మరమనిషీ రాలేదు.

పోనీ, ఎవరికీ చూపించకుండా ఉంటే అదో తీరు. చూపించేవాడు. ప్రతి ఆదివారం స్నానం చేసి, తల దువ్వుకుని, చేసినదాన్ని పాత తువ్వాలులో పసిపిల్లలా చుట్టి, కిట్లమ్మే షాపుకు పట్టుకెళ్ళేవాడు. ఆ షాపు నడిపే ఆవిడకొక నియమముందట. పెట్టె మూల నక్షత్రాల గుర్తులుంటాయి. ఒక నక్షత్రమంటే తేలిక, నాలుగంటే బాగా కష్టం. కింది లెవెల్‌ది పూర్తిచేసి తెచ్చి చూపిస్తే తప్ప పైది అమ్మదు. దీపం కింద పెట్టి, కీళ్ళు వంచి, కోసిన చోట్లు వేలితో తడిమి, అప్పుడు చెబుతుంది. బేరం వదులుకోవడానికైనా సిద్ధమే గానీ పెట్టె ఇవ్వదు.

పాతికేళ్ళకు పైబడ్డ కాపురంలో ఈయన చేత గోడకు ఒక్క మేకు తిన్నగా కొట్టించలేకపోయింది పెద్దమ్మాయి. ఆ చేయి ఇప్పుడు కుదురైందట. ఎవరి దగ్గర? ఎవరి దీపం కింద?

"బావని ఏమని పిలుస్తుందక్కా?" అని అడిగింది చెల్లెలు ఫోన్లో.

"నాకేం తెలుసే?"

"అది తెలుసుకో ముందు. అన్నయ్యగారూ అంటే నిశ్చింతగా ఉండు. సార్ అన్నా ఫరవాలేదు. ఏమీ పిలవకుండా, 'ఇదిగో, ఇటు చూడండి' అందనుకో, అప్పుడు ఆలోచించాలి."

"ఆలోచించి ఏం చెయ్యాలి?"

"ఆలోచించి నాకు ఫోన్ చెయ్యి. ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పు."

ఆ చేయి కుదురైన ఆదివారమే సర్వేయరు చంకలో ఒక పెట్టెతో వచ్చాడు. ఏమంత పెద్దది కాదు. మూల నాలుగు నక్షత్రాలు. దాన్ని ఆయన రెండు చేతులా పట్టుకుని, స్టూలెక్కి, బీరువా మీద గోడవైపు జరిపి పెట్టాడు.

"చెయ్యరా ఇప్పుడు?" అంది పెద్దమ్మాయి, స్టూలు పట్టుకుని.

"ఇప్పుడే కాదు. పెట్టె ఇచ్చింది గానీ, నాకు నేను ఇంకా సరిపోనేమో అనిపిస్తోంది. ఈ రకం ఇక తయారు చెయ్యరట. ఇదే ఆఖరు పెట్టె. నాకోసమని దాచిపెట్టింది. ముట్టుకోకు."

ముట్టుకోవద్దన్నందుకు కాదు, దాచిపెట్టిందన్న మాటకు పెద్దమ్మాయి కడుపు మండిపోయింది. ఎవరో ఒకావిడ తన షాపులో, ఎందరో వచ్చిపోతుంటే, ఇది ఫలానా ఆయనకి అని ఒక పెట్టెను పక్కకు తీసిపెట్టింది. పెద్దమ్మాయి కోసం ఆయన ఎప్పుడు ఏం దాచిపెట్టాడు? బజారు నుంచి తెచ్చిన పేపరు కూడా తను చదివేశాకే ఇచ్చేవాడు.

సోమవారం పొద్దున ఆయన పొరుగూరి క్యాంపుకు వెళ్ళాడు. అక్కడేదో గోదాములో వరుసపెట్టి వ్యాన్లు తగలబడ్డాయట, వారం పని. బస్సు మలుపు తిరిగేదాకా ఆగి, పెద్దమ్మాయి చెప్పులేసుకుని షాపుకు బయల్దేరింది.

సందు చివర మెట్లెక్కి వెళ్ళాలి. లోపల నేల నుంచి కప్పుదాకా పెట్టెలే. మధ్యన బల్ల, బల్ల మీద మెడ వంచిన దీపం, దీపానికి అటొక కుర్చీ ఇటొక కుర్చీ. ఇటు కుర్చీలో మెత్త వేసి ఉంది. ఆ మెత్తను చూడగానే అది ఎవరికి వేసిందో ఎవరూ చెప్పకుండానే పెద్దమ్మాయి నిర్ణయించేసుకుంది.

షాపావిడది ఇంచుమించు తన వయసే. మెడలో దారానికి కట్టిన కళ్ళజోడు, జేబులున్న పొడుగాటి ముతక కోటు, వేళ్ళకు రంగు మరకలు. అందగత్తె కాదు. అదే మరీ కష్టమనిపించింది పెద్దమ్మాయికి. అందగత్తె అయితే మగబుద్ధి అని సరిపెట్టుకోవచ్చు. ఈ ముఖం కోసం ప్రతివారం తల దువ్వుకుంటున్నాడంటే, ఇక్కడ అందం కానిదేదో ఉన్నట్టే.

"ఎవరికండీ?" అంది షాపావిడ.

"మా మరిదికి," అంది పెద్దమ్మాయి. ఆవిడకు మరుదులు లేరు.

"ఇంతకుముందు ఏవైనా చేశారా ఆయన?"

"బోలెడు. పైలెవెల్ దాకా వచ్చేశాడు. అదిగో, అలాంటిది చిటికెలో చేసి పడేస్తాడు." అని అన్నిటికంటే పెద్ద పెట్టెను చూపించింది.

షాపావిడ మర్యాదస్తురాలు, నవ్వలేదు. "అది ఒక్క నక్షత్రమండీ. పసిపిల్లలు కూడా చేసేస్తారు. పెట్టె సైజు చూసి అందరూ బోల్తాపడతారు. ఇదిగో, ఇటు చూడండి..."

ఆ మాట చెవిన పడగానే పెద్దమ్మాయికి చెల్లెలు ఫోన్లో అన్నది గుర్తొచ్చింది.

షాపావిడ పాటికి షాపావిడ చెబుతూనే ఉంది. "ఒక్క నక్షత్రమైతే కత్తెర కూడా అక్కర్లేదు. వేళ్ళతో విరుచుకుని బిగించెయ్యడమే. రెండు అంటే కట్టర్ కావాలి. కోసిన చోట తెల్లమచ్చ పడుతుంది, అది కనబడకుండా ఆకురాయి పట్టాలి. మూడులో ముందు లోపలి ఎముకలు కట్టి, ఆ పైన ఒళ్ళు తొడగాలి. ఇక నాలుగులో ఆ ఎముకల్లో మళ్ళీ ఎముకలు. కొన్ని ముక్కలు తుమ్మితే ఎగిరిపోతాయి."

"అంటే చేతిలో పనితనం ఉండాలి."

"చెయ్యి అందరికీ వస్తుందండీ కొన్నాళ్ళకి. రావలసింది నిదానం. ఇప్పుడు చేతిలో ఉన్న ముక్క గురించి తప్ప తర్వాతి ముక్క గురించి ఆలోచించకూడదు. అది రానివాళ్ళకి నేను రెండు దాటనివ్వను, ఎంత బతిమాలినా."

"మా మరిదికి నాలుగే కావాలట."

"మూడు చేసింది పట్టుకొచ్చి చూపించమనండి."

"చేశాడని నేను చెబుతున్నానుగా!"

"మీరు చెబుతున్నారు, నేను వింటున్నాను," అంది షాపావిడ చల్లగా. "చూపించమనండి."

మెట్లు దిగుతుంటే పెద్దమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. తన మొగుడికి నాలుగు నక్షత్రాలు దాచి పెట్టిన మనిషి తనకి డబ్బిచ్చినా రెండు కూడా ఇచ్చేలా లేదు. నిదానమట. ఇరవై మందికి ఒంటిచేత్తో వండి వడ్డించిన మనిషి ముందు నిదానం గురించి పాఠం! ఆయన వచ్చేసరికి ఆ నాలుగు నక్షత్రాలవాణ్ణి నిలబెట్టి, వంటింట్లో గట్టు మీదే నిలబెట్టి, చూశారా అని అడక్కుండా ఊరుకుంటే చాలు. ఆయనే అడగాలి, ఎవరు చేశారని. ఆ ప్రశ్న ఆయన నోటి వెంట వచ్చేటప్పుడు తను ఉల్లిపాయలు తరుగుతూ ఉండాలి. అక్కడిదాకా ఆలోచించుకుంది దారిలోనే.

భోజనమయ్యాక స్టూలు ఆవిడే ఎక్కింది. పట్టుకునేవాళ్ళు లేరు.

పెట్టెలో తెలుపు, నీలం, బూడిద, ఎరుపు రంగుల చట్రాలు దొంతరగా ఉన్నాయి. పక్కన బొమ్మలతో లావుపాటి పుస్తకం. పుస్తకాన్ని పెద్దమ్మాయి పక్కకు పెట్టింది. ఏ పనికైనా ఆవిడకొక పద్ధతి ఉంది. పొయ్యి వెలిగించేముందే తరగవలసినవన్నీ తరిగి, కడిగి, వేటికవి గిన్నెల్లో సర్దుకోవాలి. పొయ్యి మీద ఒకటి మాడుతుంటే ఇంకొకటి తరుక్కునేవాళ్ళను చూస్తే ఆవిడకు చిరాకు. ఆయన ఒక్కో ముక్కా కోసి, బిగించి, మళ్ళీ పుస్తకం చూసి, మళ్ళీ ఇంకొకటి కోస్తూ ఆదివారాలన్నీ తగలేస్తుంటే తలుపు సందులోంచి చూసి ఎన్నిసార్లు నాలుక కొరుక్కుందో! అన్నీ ఒక్కసారే కోసి పెట్టుకుంటే ఒక పూట పని కదా!

ఆయన కట్టర్ తెచ్చుకుని మొదలుపెట్టింది. మొదటి ముక్కకు తెల్లమచ్చ పడింది. రెండోదానికి కాస్త దూరంగా కోసి, మిగిలిన మొటిమను విడిగా చెక్కింది. మచ్చ పడలేదు. కాయలకు తొడిమ తీసే పనే ఇది, పేరు మారిందంతే. చేయి ఊపందుకుంది. మధ్యాహ్నమంతా, మర్నాడు పొద్దుటి దాకా కోసింది. రంగు రంగునూ విడదీసి మూతలున్న స్టీలు డబ్బాల్లో సర్దింది. బుల్లి ముక్కలకు పోపుల డబ్బా ఖాళీ చేసింది. అంత శుభ్రంగా సర్దిన డబ్బాలను చూసుకుంటే ఏదో గెలిచేసినట్టే ఉంది. ఇల్లంతా పరుచుకున్న ఖాళీ చట్రాలను పోగుచేసి, కింద చెత్తబండి ఈల వినబడగానే తీసుకెళ్ళి స్వయంగా అందులో పడేసి వచ్చింది. చేతులు కడుక్కుంది. కాఫీ కలుపుకుంది. అప్పుడు పుస్తకం తెరిచింది.

మొదటి బొమ్మ పక్కన రాసి ఉంది: సి చట్రంలో పన్నెండో ముక్క, ఎఫ్ చట్రంలో నాలుగో ముక్క.

నంబరు ముక్క మీద ఉండదు. చట్రం మీద, ముక్క పక్కన ఉంటుంది.

పెద్దమ్మాయి బాల్కనీలోకి పరిగెత్తింది. చెత్తబండి లేదు. దాని ఈల కూడా ఎటునుంచీ వినబడలేదు. కాఫీ చల్లారిపోయింది.

"పిల్లి ఎత్తుకుపోయిందని చెప్పెయ్యి," అంది చెల్లెలు.

"మాకు పిల్లి లేదే."

"బావకి తెలుసా లేదని?"

"నువ్వు ఫోన్ పెట్టెయ్యి."

ఆ రోజంతా కూర్చుని ఊహ మీద బిగించింది. సాయంత్రానికి ఒక కాలు లాంటిది తయారైంది. అందులో మోకాలనుకున్నది నిజానికి భుజమని పుస్తకం ఆఖరి పేజీ చూస్తే తెలిసింది. ఊడదీయబోతే సన్నగా టిక్కుమంది. విరగలేదు గానీ ఆవిడ దాన్ని రెండు చేతులా మెల్లగా కింద పెట్టేసింది. ఆఖరు పెట్టె. ఇక తయారు చెయ్యరు. ఆయన ముట్టుకోకు అన్నది మొత్తం కాపురంలో ఇదొక్కటే. ఇప్పటిదాకా ఆయన ఆ బొమ్మల్ని ఇంట్లో చూపించడంలేదంతే. ఇది చూశాక ఇక మనిషే ఇంట్లో కనబడడేమో! కనబడని ఆ మనిషి ఎక్కడ, ఏ మెత్త మీద కూర్చుని ఉంటాడో ఊహించుకోవడానికి పెద్దమ్మాయి బుర్రకు అట్టే కష్టం కాలేదు.

దాన్ని బాగుచెయ్యగల మనిషి ఊళ్ళో ఒక్కతే. ఆవిడ దగ్గరికి వెళ్ళడమంటే చెప్పు తీసి తనే చెంప మీద వేసుకోవడం. రాత్రంతా ఆ లెక్కే వేసి, తెల్లారాక డబ్బాలూ, పుస్తకమూ, ఖాళీ పెట్టే సంచిలో పెట్టుకుని షాపు మెట్లెక్కింది.

"మరిదిగారు మూడు చేసి ఇచ్చారా?" అంది షాపావిడ.

"మరిది లేడు. మావారిది. మీరు దాచిపెట్టిన నాలుగు నక్షత్రాలు." అని డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది.

షాపావిడ కళ్ళజోడు పెట్టుకుంది. పోపుల డబ్బా దగ్గర ఆగి, "ఇదొకటి నేనూ కొనుక్కోవాలి," అంది. తర్వాత ఒక ముక్క తీసి దీపం కింద తిప్పింది. ఇంకొకటి తీసింది. ఇంకొకటి.

"చట్రాలో?"

"పారేశాను."

"ఊఁ. ముందే అన్నీ కోసేసుకునేవాళ్ళు ఏడాదికొకరైనా వస్తారు ఏడుపు ముఖంతో. ఇంత శుభ్రంగా కోసినవాళ్ళు మాత్రం ఎవరూ రాలేదు. ఒక్కదానికే మచ్చ ఉంది."

"అది మొదటిది," అంది పెద్దమ్మాయి. మెచ్చుకోలు విని మురిసిపోతున్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఇలా అంటుందన్నమాట. ఇలా అని అని కట్టిపడేస్తుందన్నమాట.

"కూర్చోండి. రంగులు విడదీసి పెట్టారు, అది బతికించింది. ఒక్కో రంగుకి ఒకటి రెండు చట్రాలే ఉంటాయి. పుస్తకం మొదట్లో చట్రాల బొమ్మలుంటాయి, ముక్కని బొమ్మతో పోల్చి నంబరు అంటించుకుంటూ పోవడమే. కష్టమల్లా కుడి ఎడమలది. కవలపిల్లల్లా ఉంటాయి."

పెద్దమ్మాయి మెత్త ఉన్న కుర్చీలో కూర్చుంది. చాలా మెత్తగా ఉంది, ఆ సంగతి కూడా నచ్చలేదు. ఆ రోజూ, ఆ తర్వాత రోజూ, ఇద్దరూ దీపానికి అటూ ఇటూ కూర్చుని ముక్కలు పోల్చారు. షాపావిడ అదనపు మాట మాట్లాడదు. పెద్దమ్మాయి మాట్లాడకుండా ఉండలేదు.

"ఈ మెత్త ఎవరికి వేశారు?"

"నా నడుం నొప్పికి. పొద్దున్న ఆ కుర్చీలో కూర్చుంటాను, సాయంత్రం ఈ కుర్చీలో."

"మావారు వస్తే ఏం మాట్లాడతారు?"

"ఏమీ మాట్లాడరు. నేను చెబుతాను, ఆయన వింటారు."

వింటారు! పెద్దమ్మాయి చేతిలో ముక్క జారి కిందపడింది. ఇద్దరూ బల్ల కింద దూరి వెతికారు. అక్కడ, నేల మీద మోకాళ్ళ మీద ఉండగా షాపావిడ అంది: "ఒక్కసారి మాత్రం బాగా మాట్లాడారు. మొదటిది చేసి మీకు చూపిస్తే మీరేదో జోకు వేశారట."

"అది కూడా చెప్పాడూ?"

"చెప్పారు. పని చెయ్యని మగాడు ఇంకొకడెందుకని. నేను పడీపడీ నవ్వాను. ఆయనా నవ్వారు."

పెద్దమ్మాయికి అంతవరకూ తెలిసిన కుళ్ళంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. తన జోకు. తను వేసినప్పుడు గోడలా నిలబడ్డ మనిషి దాన్ని ఇక్కడిదాకా మోసుకొచ్చి, ఇంకొకరితో కలిసి నవ్వాడు. నగ పట్టుకొచ్చి ఇంకొకరికిచ్చినా ఇంత మండేది కాదు. బల్ల కింద దొరికిన ముక్కను షాపావిడ చేతికివ్వకుండా తనే డబ్బాలో వేసుకుంది. ఆ మాత్రం కసి తీర్చుకోవడానికే అప్పటికి వీలైంది.

శనివారానికి ముక్కలన్నిటికీ నంబర్లు వచ్చాయి, ఒక డబ్బాడు కవలలు తప్ప. అవి ఎడమో కుడో తేలలేదు. ఆదివారం మధ్యాహ్నం వాటి ముందు కూర్చుని ఉండగా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. సర్వేయరు, భుజాన క్యాంపు సంచితో, బస్సు దిగి తిన్నగా వచ్చాడు. ఇంటికి వెళ్ళలేదు. తల మాత్రం దువ్వుకున్నాడు. ఆ రెండూ పెద్దమ్మాయి ఒక్క చూపులో పట్టేసింది.

"నువ్వేమిటి ఇక్కడ?" అన్నాడాయన.

"మీరేమిటి, ఇంటికి రాకుండా?"

ఆయన కళ్ళు డబ్బాల మీద పడ్డాయి. సంచి కిందికి జారింది. వంగి, ఒక డబ్బాలోకి చూసి, రెండోదానిలోకి చూసి, తర్వాత పెట్టెను చూశాడు. కాలిపోయిన వ్యాన్లను కూడా ఇలాగే చూసి ఉంటాడు: కోపం లేకుండా, ఎంత పాడైందీ అన్న ఒక్క చూపుతో.

"ఎలా జరిగింది?" అన్నాడు, సరిగ్గా ఉద్యోగం గొంతుతో.

"ముందే కోసేశాను."

"అన్నీనా?"

"అన్నీ."

"చట్రాలు?"

"చెత్తబండికి ఇచ్చాను."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. షాపావిడ లేచి, మూలనున్న స్టూలెక్కి, దుమ్ము లేని పెట్టెలను దులపసాగింది.

"ఎందుకు?"

పిల్లి నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దమ్మాయి దాన్ని వెనక్కి తోలేసింది.

"కుళ్ళుతో."

"ఎవరి మీద?"

పెద్దమ్మాయి గడ్డంతో స్టూలువైపు చూపించింది. ఆయన స్టూలు మీది ముతక కోటును చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, చివరికి తనను తాను బొజ్జ మీదుగా కిందిదాకా చూసుకున్నాడు. సంగతి తలకెక్కడానికి కాస్త టైము పట్టింది. ఎక్కాక ఆయన భుజాలు కొంచెం వెనక్కి వెళ్ళాయి.

"నా గురించా?" అన్నాడు.

"అంత మురిసిపోకండి. ఆవిడకేం సంబంధం లేదు, నాకొక్కదానికే."

"అస్సలు లేదండీ," అంది షాపావిడ స్టూలు మీదనుంచి, దృఢంగా.

అంత దృఢంగా చెప్పనక్కర్లేదని ఆయనకు అనిపించినట్టుంది. ఒక నీలం ముక్క తీసి దీపం కింద పెట్టాడు. తిప్పాడు. తెల్లమచ్చ కోసం వేలితో తడిమాడు. ఇంకొకటి తీశాడు.

"ఇవన్నీ నువ్వే కోశావా?"

"నేనే."

"ఇది కూడా?"

"అది కూడా."

ఆయన స్టూలువైపు తిరిగాడు. "ఈవిడ చెయ్యి ఎలా ఉందంటారు?"

"మీకంటే బాగుంది," అంది షాపావిడ. "నిదానం మాత్రం బొత్తిగా లేదు."

రెండో మాట ఆయన చెవికి ఎక్కలేదు. ముఖం ముడుచుకుపోయింది, పెదవి కాస్త కిందికి వంగింది. పెద్దమ్మాయి ఆ ముఖాన్ని గుర్తుపట్టింది. వారం నుంచీ అద్దంలో చూస్తున్న ముఖమే. ఆయనకూ అది ఏమంత నప్పలేదు. అయినా ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

"నా జోకు ఈవిడకెందుకు చెప్పారు?" అంది.

"ఏ జోకు?"

"పని చెయ్యని మగాడు."

ఆయన ముక్కను డబ్బాలో పెట్టేశాడు. "నువ్వు అన్నప్పుడు ఒళ్ళు మండింది. తర్వాతెప్పుడో బస్సులో వెళుతుంటే నవ్వొచ్చింది. పక్కవాళ్ళు చూశారు కూడా."

"నాకు చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? అన్నాళ్ళ కిందట నువ్వన్నదానికి ఇప్పుడు నవ్వొచ్చిందనా?"

"ఆ మాటే చెప్పాలి," అంది పెద్దమ్మాయి. "నేను వినేదాన్ని."

ఆయన అటు కుర్చీ లాక్కుని, ఆవిడకెదురుగా కూర్చుని, కవలల డబ్బా తనవైపు జరుపుకున్నాడు. పుస్తకం తిరగేసి, తుంటి ఎముక బొమ్మ చూసి, రెండు ముక్కల్లో ఒకటి ఏరి, తెల్లటి నడుంలో పెట్టి నొక్కాడు. అది పట్టలేదు. మళ్ళీ నొక్కాడు.

ఆయన చేతిలో ఉన్నది ఎడమది. పెట్టాలని చూస్తున్నది కుడివైపు. పెద్దమ్మాయికి ఇంత దూరం నుంచే తెలిసిపోయింది. స్టూలు మీదనుంచి షాపావిడకు కూడా తెలిసింది. నోరు తెరవబోయింది. పెద్దమ్మాయి ఆవిడ కళ్ళలోకి చూసి, తల అడ్డంగా ఊపింది. షాపావిడ పెట్టెలవైపు తిరిగి దులుపుడు సాగించింది.

"ఇదెందుకు పట్టడం లేదే?" అన్నాడు సర్వేయరు.

"ఏదీ, చూడనివ్వండి," అంటూ పెద్దమ్మాయి కుర్చీ ముందుకు జరుపుకుంది. దీపాన్ని కిందికి వంచి, ఆయన వేళ్ళ మధ్య ముక్కను అటూ ఇటూ పరీక్షగా చూసింది. "తొందరేముంది? ఇంకోసారి తిప్పి పెట్టి చూడండి," అంది, తిప్పినా పట్టదని తెలిసే.